సమోవా అరటిపండు పానికేకే: ఏళ్ల తరబడి ఇంట్లో వేస్తూ వచ్చాక నా అభిప్రాయం

పానికేకే అంటే పసిఫిక్ దీవుల దేశం సమోవాలో నూనెలో వేయించే తీపి పిండి ఉండలు. నా తీర్పు ముందే చెప్పేస్తాను. బాగా మగ్గిన అరటిపళ్లు, మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, మూకుడు నిండా నూనె ఉంటే చాలు, గంటలోపు ఇంటిల్లిపాదికీ సరిపోయే తీపి టిఫిన్ తయారవుతుంది. గుడ్డు అక్కర్లేదు, పాలు అక్కర్లేదు, ముందురోజు నానబెట్టి రుబ్బే పని అసలే లేదు. అయితే మామూలుగా కనిపించే రెసిపీల్లో నీళ్లూ, పంచదారా రెండూ ఎక్కువే ఉంటాయి. ఆ రెండూ తగ్గించి, నూనె వేడి దగ్గర తొందరపడకపోతే అద్భుతంగా వస్తాయి. లేదంటే పైన నల్లగా, లోపల పచ్చిపిండిగా మిగులుతాయి.

మేం ఉండేది ఆక్లాండ్ దక్షిణాన, పాపటోయ్‌టోయ్‌లో. 2023 జనగణన ప్రకారం న్యూజిలాండ్‌లో సమోవన్లు 2 లక్షల పైచిలుకే, వాళ్లలో ఎక్కువమంది ఆక్లాండ్‌లోనే ఉంటారు. మా వీధిలో తెలుగువాళ్లు, పంజాబీలు, సమోవన్లు అందరూ కలిసే ఉన్నారు. కాబట్టి పానికేకే కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. చర్చి నిధుల కోసం పెట్టే స్టాళ్లలో, స్కూల్ కార్యక్రమాల్లో, ఆఫీసులో ఎవరిదైనా పుట్టినరోజయితే రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బాలో, ఎటు చూసినా అవే. గుండ్రటివాటిని పానికేకే లపోటోపోటో అంటారు. పెనం మీద పల్చగా కాల్చేవి వేరే ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ ఎత్తను. గుండ్రటివాటిలోనూ అరటిపండు వేయకుండా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నా ఓటు మాత్రం పండు వేసినవాటికే. వేయనివి చల్లారాక ఒట్టి తీపి మైదా ఉండలే.

నాకు నేర్పింది మా పక్కింటి సమోవన్ ఆవిడ. ఆవిడ వంటింట్లో కొలత గ్లాసు ఉండదు. బేసిన్‌లో పిండి పోసి, పళ్లు చేత్తోనే చిదిమి, కుళాయి కింద బేసిన్ పెట్టి నీళ్లు పట్టేస్తుంది. చూసి నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, రాసుకుందామంటే ఏమీ ఉండదు. అందుకని చేస్తూ చేస్తూ నా కొలత నేనే కుదుర్చుకున్నాను. మైదా మూడు కప్పులు, ఇక్కడి కప్పు అంటే 250 మిల్లీలీటర్లు. తొక్క తీశాక 300 గ్రాములు తూగే పళ్లు, అంటే మామూలు సైజువి మూడు. పంచదార అరకప్పుకి కొంచెం పైన. బేకింగ్ పౌడర్ మూడు టీస్పూన్లు, చిటికెడు ఉప్పు. నీళ్లు ముప్పావు కప్పుతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఇంకాస్త. వెనిలా వాళ్ల పద్ధతి. నేను ఒక్కోసారి వెనిలా మానేసి యాలకుల పొడి వేస్తాను. మావాళ్లకు అదే నచ్చుతుంది, పక్కింటావిడకు మాత్రం వెనిలా లేకపోతే కుదరదు. ఈ కొలతకి నిమ్మకాయంత ఉండలు ముప్ఫై దాకా వస్తాయి.

ఇందులో అసలు మెలిక నీళ్ల దగ్గరే ఉంది. అరటిపండులో నాలుగింట మూడొంతులు నీరే. పండు మగ్గేకొద్దీ దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారి గుజ్జు జారుడవుతుంది. పైగా పంచదార కూడా కలపగానే కరిగి పిండిని పల్చన చేస్తుంది. అందుకే ముందు పిండి, పంచదార, గుజ్జు కలిపేసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు నీళ్ల సంగతి చూడాలి. ఫ్రీజర్‌లో పెట్టిన నల్లటి పళ్లయితే కరిగాక గిన్నెలో గోధుమరంగు నీరు తేరుతుంది. అది పారబోయొద్దు, తీపంతా అందులోనే ఉంది. దాన్నీ నీళ్ల లెక్కలో వేసుకుంటే సరి. గుజ్జు చేయడానికి ఫోర్కులూ బ్లెండర్లూ ఎందుకు, పప్పుగుత్తి చాలు. బ్లెండర్‌లో వేస్తే మరీ నున్నగా అయిపోయి కొరికినప్పుడు పండు తగలదు. పప్పుగుత్తితో మెదిపితే అక్కడక్కడా చిన్న ముక్కలు మిగులుతాయి, వేగాక అవి జామ్‌లా మెత్తబడి నోటికి తగులుతాయి.

పండు ఎలాంటిది వాడాలన్నదానికి వస్తే, తొక్క మీద నల్లమచ్చలు పసుపును మించిపోవాలి. పసుపుపచ్చగా నిగనిగలాడే పండు తినడానికి బాగుంటుంది గానీ దీనికి పనికిరాదు, వాసనే రాదు. ఆక్లాండ్ సూపర్ మార్కెట్లలో దొరికేవి ఎక్కువగా ఈక్వడార్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే కావెండిష్ పళ్లు. ఈ రకానికీ సమోవాకీ పాత చుట్టరికమే ఉంది. ఇంగ్లండ్‌లో డెవన్‌షైర్ డ్యూక్ తోటలో పెంచిన ఈ మొక్కల్ని 1830ల చివర్లో జాన్ విలియమ్స్ అనే మిషనరీ ఓడ మీద సమోవా తీసుకెళ్లాడు. అక్కడ నాటిన మొక్క నుంచే ఆ ప్రాంతపు దీవులకు ఈ రకం పాకింది. డ్యూకుగారి ఇంటిపేరే పండుకీ మిగిలింది. ఆ తర్వాత చాలాకాలం సమోవా అరటిగెలలు ఓడల్లో న్యూజిలాండ్‌కి వచ్చేవి కూడా. ఇప్పుడు ఆక్లాండ్‌లోని సమోవన్లు ఈక్వడార్ పండుతో పానికేకే వేసుకుంటున్నారు!

కావెండిష్‌తో నాకు పెద్ద గొడవేం లేదు, పని జరిగిపోతుంది. కానీ సెలవులకి ఊరెళ్లినప్పుడు రావులపాలెం నుంచి తెచ్చిన కర్పూరం పళ్లతో వేసి చూశాను. తేడా అక్కడ తెలిసింది. కర్పూరంలో కాస్త పులుపుంటుంది, గుజ్జు జిగటగా ఉంటుంది. పంచదార ఇంకా తగ్గించినా రుచి నిండుగా వచ్చింది, ఉండ కూడా నూనెలో విచ్చుకోకుండా గట్టిగా నిలబడింది. చక్కెరకేళితో చేస్తే మరీ తీపి, తొందరగా మాడింది. కోనసీమ వైపు ఉన్నవాళ్లు కర్పూరమే వాడండి, రెండో ఆలోచన వద్దు.

మైదాలోనూ తేడాలున్నాయి. ఇక్కడ స్టాండర్డ్ అనీ, హై గ్రేడ్ అనీ రెండు రకాలు అమ్ముతారు. హై గ్రేడ్‌లో ప్రోటీన్ ఎక్కువ, అది బ్రెడ్‌కి. దీనికి స్టాండర్డ్ చాలు. హై గ్రేడ్‌తో చేస్తే సాగుతూ ఉంటాయి. సమోవన్లలో కొంతమందికి ఆ సాగుడే ఇష్టం, పిండిని గరిటెతో బాగా బాది మరీ కలుపుతారు. నాకు మెత్తగా ఉండాలి, అందుకని తడి తగలని పిండి కనిపించకుండా పోయే వరకే కలిపి ఆపేస్తాను. గోధుమపిండితో ఆరోగ్యం కదా అని వేయబోతే బరువుగా, పొట్టు వాసనతో వస్తాయి. సగం సగం అయితే ఫరవాలేదు. బెల్లం వేస్తే రుచి బాగుంటుంది, కానీ రంగు ముందే ముదురుగా ఉంటుంది కాబట్టి వేగిందో లేదో కళ్లతో పోల్చుకోలేం. తినేసోడా ఉంటే చాలదా అని మా అత్తగారు అడిగారు. చాలదు. సోడా కాస్త ఎక్కువైనా సబ్బు వాసన, పైగా నూనె పీల్చేస్తాయి.

ఈస్ట్ వేసి చేసే పద్ధతి కూడా ఉంది. పిండి గంటకు పైగా పొంగాలి. లోపల జాలీ బాగా పడుతుంది, మర్నాటికి కూడా మెత్తగానే ఉంటాయి. కానీ అరటిపండు వాసనని ఈస్ట్ వాసన తినేస్తుంది. యాభైమందికి వండితే తప్ప నేను ఆ జోలికి పోను.

ఇక వేయడం. ఇది చూసినప్పుడే ఈ వంట మనదేననిపించింది, అచ్చం మన పునుగులు వేసే చేతివాటమే. గుప్పెడు పిండి తీసుకుని పిడికిలి మెల్లగా బిగిస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి గుండ్రంగా ఉండ పైకి వస్తుంది. దాన్ని తడి చెంచాతో తీసి, చెంచా నూనెకి దగ్గరగా పెట్టి జారవిడవాలి. పైనుంచి పడేస్తే నూనె చిందుతుంది. పిండి సరైన పాకంలో ఉంటే చెంచా నుంచి ఒక్క ముద్దగా బరువుగా జారుతుంది, వెనకాల చిన్న తోక మిగులుతుంది. ఆ తోక కరకరలాడుతూ వేగుతుంది, మా పిల్లలు తోకలున్నవే ముందు ఏరుకుంటారు. తీగలా సాగి కారితే నీళ్లెక్కువైనట్టు. రెండు చెంచాలు మైదా కలిపేస్తే సరిపోతుంది.

నూనె లోతుగా ఉండాలి, ఉండ తేలి తిరగడానికి చోటు కావాలి. అప్పుడు చూడాలి దాని అందం. ముందు అడుక్కి మునుగుతుంది, కొన్ని క్షణాలకి పైకి తేలుతుంది. కింది భాగం పొంగి తేలికపడగానే ఎవరూ ముట్టుకోకుండానే దానంతటదే పల్టీ కొడుతుంది. అన్నీ తిరగవు, మొండికేసినవాటిని చిల్లుల గరిటెతో తట్టాలి. వేడి 165 నుంచి 170 డిగ్రీలు. థర్మామీటర్ లేనివాళ్లు చిటికెడు పిండి వేసి చూడండి. మునిగి, మూడు నాలుగు సెకన్లకి చిన్న బుడగలతో తేలితే సరైన వేడి. వేసీవేయగానే తేలి రంగు మారితే మంట తగ్గించి కాసేపు ఆగాలి. పునుగులకి వాడే వేడి దీనికి ఎక్కువ. మినప్పిండిలో తీపి లేదు, ఇందులో పండు చక్కెర, పంచదార రెండూ ఉన్నాయి కాబట్టి రంగు చాలా తొందరగా వచ్చేస్తుంది. రంగు చూసి తీస్తే లోపల పచ్చి. నాలుగైదు నిమిషాలు వేగనివ్వాలి, మొదటి వాయిలో ఒకటి విరిచి చూసుకోవాలి.

ఇక్కడి అద్దె ఇళ్లలో కరెంటు పొయ్యితో ఒక తంటా ఉంది. గ్యాస్ మీద మంట తగ్గిస్తే వెంటనే తగ్గుతుంది, కాయిల్ పొయ్యి మీద నాబ్ తిప్పినా వేడి మాత్రం దిగదు. వాయికీ వాయికీ మధ్య నూనె వేడెక్కిపోతూ ఉంటుంది. నా ఉపాయం ఏమిటంటే మందపాటి మూకుడు వాడటం, వేడి ఎక్కువైందనిపిస్తే మూకుడు జరపకుండా (వేడినూనె గిన్నెను ఎత్తి పక్కన పెట్టే సాహసం వద్దు) ఇంకో నాలుగు ఉండలు వేసేయడం. చల్లటి పిండి పడగానే నూనె చల్లబడుతుంది. స్మోక్ అలారం మోగకుండా కిటికీ తెరిచి పెట్టుకోవడం మరో జాగ్రత్త. చలికాలంలో అది శిక్షే.

నూనె తక్కువతో అవుతుందా అని అడిగేవాళ్ల కోసం: ఎయిర్ ఫ్రయర్‌లో కాదు. పిండి జారుడు కాబట్టి బుట్ట చిల్లుల్లోంచి కారిపోతుంది. పేపర్ వేసి చేస్తే అడుగు చదునుగా ఉన్న ఎండు కేకులు వస్తాయి. గుంతపొంగనాల పెనంలో మాత్రం బాగా వస్తాయి. గుంతకి అరచెంచా నూనె వేసి, సన్నసెగ మీద మూతపెట్టి రెండువైపులా కాల్చాలి. పానికేకే అనడానికి మనసొప్పదు గానీ, షుగర్ ఉన్న మా నాన్నగారికి ఒకటి పెట్టాలంటే అవే చేస్తాను.

తినేటప్పుడు పక్కన కోకో సమోవా ఉండాలంటారు సమోవన్లు. వేయించిన కోకో గింజలు దంచి ముద్దగా చేసి ఆరబెట్టిన దిమ్మ నుంచి కొంచెం తురిమి నీళ్లలో మరిగించి పంచదార వేస్తారు. పాలు లేని ముదురు కోకో, అడుగున నలుసులు తేరి ఉంటాయి. చేదూ తీపీ కలిసిన ఆ గుక్కతో పానికేకే నిజంగానే బాగుంటుంది. నాకైతే అల్లం టీయే సరిపోయింది. వెన్న, జామ్ రాసుకుని తినేవాళ్లూ ఉన్నారు, అరటిపండు వేసినవాటికి అది అనవసరం. అక్టోబర్ రెండో ఆదివారం వైట్ సండే, అంటే పిల్లల పండగ. ఆ వారం మా పక్కింటి నుంచి ఒక డబ్బా వస్తుంది, దీపావళికి మా ఇంటి నుంచి అదే డబ్బాలో సున్నుండలు వెళ్తాయి.

ఈ పానికేకేలో నాకు నచ్చనిదీ ఒకటుంది. వేసిన పూట ఎంత బాగుంటాయో, మర్నాడు అంత డీలా పడతాయి. పైపొర మెత్తబడుతుంది, నూనె బయటికి వస్తుంది. మూతపెట్టిన డబ్బాలో వేడివేడిగా పెడితే ఆ సాయంత్రానికే అలా అవుతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, అడుగున పేపర్ నాప్కిన్ వేయండి. ఎక్కువ చేసుకుని నిల్వ చేయాలంటే చల్లారగానే ఫ్రీజర్ సంచిలో వేసి, తినేముందు ఓవెన్‌లో 160 డిగ్రీల మీద ఎనిమిది పది నిమిషాలు పెడితే కొత్తవాటికి దగ్గరగానే వస్తాయి. ఉండలు వేయించడానికి పనికిరాని ఎయిర్ ఫ్రయర్ ఈ పనికి బ్రహ్మాండం, ఐదు నిమిషాలు చాలు. మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం మొదటి నిమిషం మెత్తగా ఉండి, టీ పోసుకుని వచ్చేలోపు రబ్బరైపోతాయి.