వైజాగ్‌లో హ్యామ్ టీవీ: అనలాగా, డిజిటలా, ఉపగ్రహమా?

కొత్తగా హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు చేతికొచ్చినవాళ్ళు అందరూ ఒకటే అడుగుతున్నారు: ఒకరికొకరు రేడియోలో బొమ్మలు పంపుకునే టీవీ మొదలుపెట్టాలంటే పాత ఎఫ్ఎం అనలాగ్ చాలా, డిజిటల్‌కు వెళ్ళాలా? బ్రిటన్‌లో 1949 నుంచి నడుస్తున్న అమెచ్యూర్ టీవీ క్లబ్బు బీఏటీసీ సభ్యులకు ఈ బెంగ తక్కువ. అక్కడ స్థానిక క్లబ్బులవాళ్ళు స్వచ్ఛందంగా నడిపే రిపీటర్లలో (సిగ్నల్ అందుకుని తిరిగి దూరంగా పంపే స్టేషన్లలో) రెండు రకాల సిగ్నలూ అందుకునేవి ఉన్నాయి. మనం మాత్రం మేడ మీంచి మేడకు నేరుగా పంపుకోవాలి. మధ్యలో సింహాచలం, కంబాలకొండ వరస ఉండనే ఉంది. రిపీటర్ పెడదామన్నా కేంద్ర వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ అనుమతి విడిగా తెచ్చుకోవాలి.

అనలాగ్‌కు సుగుణాలు లేకపోలేదు. ఆలస్యం ఉండదు. సిగ్నల్ తగ్గేకొద్దీ చుక్కలు పెరుగుతాయి కాబట్టి తెరను చూస్తూ యాంటెన్నా తిప్పి దిశ సరిచేసుకోవచ్చు. డిజిటల్‌లో బొమ్మ ఉంటే ఉంటుంది, లేకపోతే నల్ల తెరే.

అయినా తేల్చేది బ్యాండ్‌విడ్త్. 1.2 గిగాహెర్ట్జ్‌లో ఎఫ్ఎం బొమ్మ సుమారు 18 మెగాహెర్ట్జ్ తింటుంది. మనకున్నది 1260-1300 మెగాహెర్ట్జ్, అదీ సెకండరీ హోదాలో, అంటే అసలు హక్కుదార్లకు అడ్డు రాకుండా. నౌకాదళం ఉన్న ఊళ్ళో అంత వెడల్పుగా పరుచుకోవడం నాకు సబబుగా తోచదు. సెకనుకు 333 కిలోసింబల్స్ వేగంతో డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ టీవీల డిజిటల్ పద్ధతి) దాదాపు 450 కిలోహెర్ట్జ్‌లో సర్దుకుంటుంది. రిసీవర్‌లోకి వచ్చే నాయిస్ ఆ మేరకు 17 డీబీ (డెసిబెల్, ప్రతి 10కీ పది రెట్లు) తగ్గుతుంది. అందులో క్యూపీఎస్‌కే 1/2 అనే సెట్టింగుకు 1 డీబీ సిగ్నల్-నాయిస్ నిష్పత్తి చాలు, ఎఫ్ఎంకు 10 దాకా కావాలి. మొత్తం 26 డీబీ లాభం.

అందులో కొంత యాంప్లిఫయర్‌కు వదులుకోవాల్సిందే. ఎఫ్ఎంకు 20 వాట్లు ఇచ్చే మాడ్యూల్ నుంచి డిజిటల్‌లో 5 వాట్లు మించి లాగకండి. లాగితే స్పెక్ట్రమ్‌కు రెండు పక్కలా భుజాలు లేస్తాయి, పవర్ పెంచుతుంటే అవతలి రిసీవర్ చూపే ఎంఈఆర్ (సిగ్నల్ శుభ్రతకు కొలత) తగ్గుతుంది. అదే గుర్తు. ఆ 6 డీబీ తీసేసినా ఇంకా 20 మిగులుతుంది, అంటే వంద రెట్లు.

రిసీవర్‌కు సిగ్నల్ చిక్కి లాక్ పడుతుంది గానీ బొమ్మ ఆగిపోతుందా? వీడియో బిట్‌రేట్ ఎక్కువైందన్నమాట. ఆ సెట్టింగులో మొత్తం సామర్థ్యమే సెకనుకు సుమారు 329 కిలోబిట్లు. ఆడియో, టేబుళ్ళు (ప్రసార వివరాల డేటా) పోను హెచ్.265 వీడియోకు 240 దగ్గర ఆపండి. కేబుల్ విషయంలో పిసినారితనం వద్దు. 1.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఆర్జీ-58 అనే సన్న కేబుల్ 15 మీటర్లకే దాదాపు 10 డీబీ మింగేస్తుంది. ఎన్ కనెక్టర్లకు సాగే రబ్బరు టేపు చుట్టకపోతే సముద్రపు గాలికి ఉప్పు పడుతుంది.

ఉపగ్రహం, అంటే 25.9 డిగ్రీల తూర్పున ఉండి హ్యామ్‌ల సిగ్నళ్ళను తిరిగి కిందికి పంపే క్యూఓ-100, కొండలతో పనిలేని దారి. మన డీటీహెచ్ డిష్షులు దక్షిణాకాశం చూస్తాయి. దీన్ని పడమరకు కాస్త దక్షిణంగా, 259 డిగ్రీలకు తిప్పి 23 డిగ్రీలే ఎత్తాలి. పక్క అపార్ట్‌మెంటు అడ్డొస్తే అంతే సంగతులు. మీటరు డిష్ పెట్టుకోవడం మేలు. హుద్‌హుద్ చూసిన ఊరికి బిగింపుల గురించి చెప్పక్కర్లేదు. బీకన్ (ఎప్పుడూ వస్తూండే గుర్తు సిగ్నల్) 10491.5 మెగాహెర్ట్జ్, హారిజాంటల్, 1.5 మెగాసింబల్స్. 9750 ఎల్ఎన్‌బీతో (డిష్ ముందుండి ఫ్రీక్వెన్సీని దించే పరికరం) అది 741.5కు దిగుతుంది. మామూలు సెట్‌టాప్ బాక్సులు 950 నుంచి మొదలవుతాయి కాబట్టి వాటిలో దొరకదు. మినీటూనర్ (కంప్యూటర్‌కు కలిపే డిజిటల్ టీవీ రిసీవర్ బోర్డు) కావాలి. పంపడానికి మాత్రం పెద్ద డిష్షూ, పదుల వాట్లూ.

డ్రోన్లవాళ్ళ 5.8 గిగాహెర్ట్జ్ మాడ్యూళ్ళు బీచ్ రోడ్డులో ఎదురెదురుగా నిలబడి ఆడుకోవడానికి బాగుంటాయి.

డిజిటల్‌కే వెళ్ళండి, కానీ ముందు కొనాల్సింది ట్రాన్స్‌మిటర్ కాదు, మినీటూనర్. క్యూఓ-100 బీకన్ పడితే రిసీవర్ పక్కా అని తేలుతుంది. 144 నుంచి 2400 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది కాబట్టి తర్వాత 1.2కూ అదే పనికొస్తుంది. బొమ్మ పంపే సరంజామా, అంటే ప్లూటో అనే రేడియో బోర్డు, రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, పోర్ట్స్‌డౌన్ సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత.