ఆ రిజిస్ట్రీ క్లీనర్ కొనకండి, అది చూపించే బ్యాకప్ ఉత్తిదే

రాత్రంతా నిద్ర లేదు, ఇంకా కోపం దిగలేదు. విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులన్నీ దాచుకునే చోటే రిజిస్ట్రీ. "మీ రిజిస్ట్రీలో వందల ఎర్రర్లు" అని ఎర్ర అక్షరాలతో భయపెట్టే ఆ క్లీనర్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సిస్టమ్ కాస్త నెమ్మదించిందని నిన్న దాని పూర్తి వెర్షన్ కొన్నాను. అన్నీ సరిచేయమని నొక్కాను. రీస్టార్ట్ చేస్తే నీలి తెర, "ఇనాక్సెసబుల్ బూట్ డివైస్", అంటే విండోస్ ఉన్న డిస్క్ అందడం లేదని. ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే.

క్లీన్ చేసే ముందు "రిజిస్ట్రీ బ్యాకప్ పూర్తయింది" అని పచ్చ టిక్కు చూపించింది. ఆ ధైర్యంతోనే సపోర్ట్‌కి ఫోన్ చేశాను. "విండోస్ రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌లో ఉంటుందండీ, కాపీ చేసుకోండి" అన్నాడు. విండోస్ రిజిస్ట్రీ ఫైళ్ల నకళ్లు పెట్టే ఫోల్డర్ అది. విండోస్ లేవకపోయినా వచ్చే రికవరీ తెరలోంచి కమాండ్ ప్రాంప్ట్‌లో తెరిచి చూశాను. సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అని అయిదు ఫైళ్లూ ఉన్నాయి. ఒక్కొక్కటి సైజు సున్నా! విండోస్ 10, 1803 వెర్షన్ నుంచి ఆ ఫోల్డర్‌లోకి బ్యాకప్ తీయడం ఆపేసింది. ఆ మాటే చెప్పాను. "ఓకే నొక్కింది మీరే కదా సార్, బ్యాకప్ మీ బాధ్యత" అని ఫోన్ పెట్టేశాడు. నా బాధ్యతైతే ఆ పచ్చ టిక్కు ఎందుకు పెట్టారు? డబ్బు పోయినదానికన్నా ఆ మాటే ఎక్కువ మండుతోంది.

తప్పు నాదీ ఉంది. రిజిస్ట్రీని చేత్తో మార్చే రెగెడిట్‌లో సేవ్ బటన్ ఉండదు, అన్‌డూ ఉండదు, మార్చిన క్షణమే మార్పు పడిపోతుంది. ఇవన్నీ తెలిసి కూడా క్లీనర్ ఏ కీ (రిజిస్ట్రీలో సెట్టింగులుండే ఫోల్డర్ లాంటిది) తీసేస్తోందో చూడకుండా ఒప్పుకున్నాను.

చివరికి రికవరీలో రెగెడిట్ తెరిచి, అసలు రిజిస్ట్రీ ఫైళ్లుండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సిస్టమ్ ఫైలును లోడ్ హైవ్ అనే ఆప్షన్‌తో ఎక్కించి, డ్రైవర్ల సెట్టింగులుండే సర్వీసెస్ కింద వెతికాను. డిస్క్ డ్రైవర్ స్టార్ట్ విలువ 4 అయి ఉంది. 0 అంటే బూట్‌లోనే లోడ్ కావాలని, 4 అంటే అసలు నడవకూడదని. మళ్లీ 0 చేశాక సిస్టమ్ లేచింది. ఒక్క అంకె కోసం తెల్లవారింది. క్లీనర్ తుడిచేసిన మిగతా కీలు మాత్రం తిరిగి రాలేదు, రెండు ప్రోగ్రాములు ఇప్పటికీ తెరుచుకోవడం లేదు. రీఫండ్ మెయిల్‌కు జవాబు లేదు.

రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. కీ మార్చాల్సి వస్తే ముందు దాన్ని ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. సిస్టమ్‌ను పాత స్థితికి తీసుకెళ్లడానికి రీస్టోర్ పాయింట్లు దాచే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి, నాది ఆఫ్‌లో ఉంది.