ఇంగ్లండ్‌లోని డెవన్‌లో మా గడ్డికప్పు ఇల్లు: కప్పుకి వంక లేదు, సిమెంటు మీదే నా కోపం

కారుతుందా, ఎలుకలు దూరతాయా అని అందరూ కప్పు గురించే అడుగుతారు. ఏళ్ల తరబడి ఈ ఇంట్లో అద్దెకుంటున్నాం, ఒక్క చుక్క కారలేదు. కప్పుకి అంత వాలుంది మరి, వాన పైపైనే జారిపోతుంది. నడికొప్పు మాత్రం 10-15 ఏళ్లకోసారి మళ్లీ నేయించాలి. నా గొడవంతా గోడలకు పూసిన సిమెంటుతో.

ఇవి కాబ్ గోడలు. బంకమన్నులో గడ్డీ నీళ్లూ కలిపి తొక్కి, రాతి పునాది మీద వరసలుగా లేపినవి. రెండడుగుల మందం. ఈ మట్టి తేమ పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. అందుకే పాతవాళ్లు పైన సున్నమే పూసేవారు. మాకు ముందెప్పుడో ఎవరో బయట సిమెంటు మెత్తారు. అది పగిలింది. పగుళ్లలోంచి వాన లోపలికి పోయింది, బయటికొచ్చే దారి లేదు.

ఒక చలికాలం వంటగదిలో బియ్యం డబ్బా వెనక నల్లటి మచ్చ కనబడింది. తుడిస్తే పోయేది, వారం తిరక్కుండా వచ్చేది. తేమ లాగే మిషన్ రాత్రంతా తిప్పితే కరెంటు బిల్లు పెరిగింది, అంతే. ఒక కంపెనీ మనిషి వచ్చి గోడకి కన్నాలు పెట్టి తేమ ఆపే మందు ఎక్కిస్తానన్నాడు. చివరికి ఓనరుగారు సున్నప్పని తెలిసిన ఒక పెద్దాయన్ని పిలిపించారు. ఆయన కిందివైపు సిమెంటు ఒక పెచ్చు లేపి వేలు పెడితే రెండు కణుపుల దాకా దిగిపోయింది. లోపల మట్టి చపాతీ పిండిలా ఉంది. మా పడకగది దూలాలు ఆనింది ఆ గోడ మీదే! ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పడితే ఒట్టు.

ఇది లిస్టెడ్ భవనం, అంటే కాపాడాల్సిన పాత కట్టడంగా ప్రభుత్వ జాబితాకెక్కింది. కాబట్టి ముందు స్థానిక కౌన్సిల్ అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత సిమెంటు ఊడదీసి, వేసవంతా గోడని ఆరనిచ్చి, సున్నం పూశారు. మచ్చ మళ్లీ రాలేదు.

‘వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుందమ్మా’ అని మొదట్లో అమ్మకి ఫోన్లో తెగ చెప్పేదాన్ని. చల్లదనం మాట ఇప్పటికీ నిజమే. వెచ్చదనం మాత్రం రోజూ హీటింగు నడిపితేనే. క్రిస్మస్ సెలవులకి ఎటైనా వెళ్లొస్తే గోడలు వేడెక్కడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కిటికీలు చిన్నవి, గుమ్మాలు పొట్టివి. మా ఆయన నుదురునడగండి చెబుతుంది.

కప్పు నేయించే ఖర్చు, ఇన్సూరెన్సు ఓనరువి కాబట్టి ఇంత ధీమాగా రాస్తున్నాను. పైగా నేను ఇంటి నుంచే పనిచేస్తాను, ఇల్లు చల్లబడే సందు ఉండదు. పొద్దున పోయి రాత్రికొచ్చేవాళ్లకి ఏమంటానో తెలీదు. కొనాలనుకుంటే మాత్రం కప్పు చూసి మురిసిపోయే ముందు బయట గోడని వేళ్లతో తట్టండి. డొల్ల చప్పుడొస్తే దానిమీద ఏం పూశారో అడిగాకే బేరం మాట్లాడండి.