పువ్వు నెల చూసుకుని టికెట్ కొనండి: కన్నౌజ్, గంజాం అత్తరు బట్టీల దారిలో

అత్తరు తయారీ చూడటానికి ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ వెళ్లాలనుకునేవాళ్లు ముందు హోటళ్లు వెతుకుతారు. నన్నడిగితే ముందు పంచాంగం తీయండి. బట్టీలు ఏడాదిలో చాలాభాగం వెలుగుతూనే ఉంటాయి గానీ, ఏ నెలలో ఏది బట్టీ ఎక్కుతుందన్నదే అసలు లెక్క. గులాబీ మన ఉగాదికి అటూ ఇటూ. ఎండలు ముదిరాక మల్లె. వానలకు ముందు మట్టి. శ్రావణ భాద్రపదాల్లో మొగలి. దానికి కన్నౌజ్ దాకా పోనక్కర్లేదు, ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశా గంజాం జిల్లాలోనే ఉంది. చలి మొదలయ్యాక వట్టివేరు, శమామా అనే మసాలా అత్తరు. నెల తప్పితే చల్లారిన రాగి పాత్రలు చూసి, టీ తాగి తిరిగి రావాలి.

నేనూ మా వదినా గులాబీల కాలంలో కన్నౌజ్ వెళ్లాం, ఆ ఏడే వానల్లో గంజాం కూడా చూశాం. వదినకు పూలంటే ప్రాణం. నాకు బట్టీలు, గొట్టాలు ఎలా పనిచేస్తాయో చూడాలన్న సరదా. జంట బాగానే కుదిరింది.

హైదరాబాద్ నుంచి లక్నోకు నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి ఆగ్రా ఎక్స్‌ప్రెస్‌వే మీద కారులో రెండు గంటల పైచిలుకు. రైలు ఇష్టపడేవాళ్లకు కాన్పూర్ దగ్గర. అక్కడి నుంచి సుమారు 80 కిలోమీటర్లు, ఫరూఖాబాద్ వైపు లైన్‌లో కన్నౌజ్ స్టేషన్ వస్తుంది. ఊరు దగ్గరపడుతుంటే కారు అద్దాలు దించి గులాబీ వాసన కోసం ఎదురుచూడకండి. చుట్టూ కనిపించేవి ఎక్కువగా బంగాళదుంప పొలాలు, కోల్డ్ స్టోరేజీలు. పూల తోటలు లోపలి పల్లెల్లో ఉంటాయి.

బస విషయంలో నా మాట వినండి. చాలామంది లక్నోలో మంచి హోటల్ తీసుకుని కన్నౌజ్‌కి ఒక్క పూటలో వెళ్లొస్తారు. గదుల సంగతే చూస్తే వాళ్లదే తెలివి. కానీ గులాబీలు తెల్లవారకముందే కోస్తారు, పొద్దెక్కేలోపు బట్టీకి చేరతాయి. లక్నో నుంచి టిఫిన్ చేసి బయల్దేరితే మీరు చేరేసరికి పాత్రల మూతలు బిగించేసి ఉంటారు. కనీసం ఒక రాత్రి కన్నౌజ్‌లోనే పడుకోవాలి. మేం దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, గీజర్ మాత్రం పని చేయలేదు. అడిగితే బకెట్‌తో వేడినీళ్లు తెచ్చిచ్చారు. వెనక పెళ్లి మండపంలో డీజే అర్ధరాత్రి దాటినా ఆగలేదు. వదిన చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది. మర్నాడు దుకాణాల్లో అత్తరు రాసుకున్నవాళ్లంతా అదే దూది చెవి మడతలో పెట్టుకుని తిరుగుతుంటే చూసి నవ్వుకున్నాం. కాస్త సౌకర్యం తప్పదనుకునేవాళ్లు కాన్పూర్‌లో ఉండి చీకటితో బయల్దేరవచ్చు. లక్నో కంటే అది నయం.

బట్టీలు కుటుంబాల సొంతం. టికెట్ కౌంటర్, గైడ్ లాంటివేం ఉండవు. బడా బజార్‌లో ఏదైనా పాత దుకాణంలో ముందురోజు సాయంత్రం కూర్చుని, రెండు సీసాలు వాసన చూసి, రేపు బట్టీ చూడొచ్చా అని అడగడమే పద్ధతి. మా హైదరాబాదీ ఉర్దూ విని వాళ్లు తెగ నవ్వుకున్నారు. 'నక్కో' అన్న మాట మూడుసార్లు చెప్పించుకుని మరీ, రేపు పొద్దున్నే రమ్మన్నారు.

పొద్దున చూసిందాని కోసం ఈ ప్రయాణం మొత్తం చేయొచ్చు. వరుసగా మట్టి పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద రాగి పాత్రలు. వాటిని డేగ్ అంటారు. గోతాల్లో వచ్చిన రేకుల్ని అందులో కుమ్మరించి, నీళ్లు పోసి, మూత పెట్టి, అంచుల వెంట దూది, మట్టి కలిపి మెత్తుతారు, దమ్ బిర్యానీకి పిండి అంటించినట్టే. మూత నుంచి గడ్డితాడు చుట్టిన వెదురు గొట్టం బయల్దేరి, నీళ్ల తొట్టిలో మునిగి ఉన్న పొడుగు మెడ రాగి బుడ్డిలోకి దిగుతుంది. ఆ బుడ్డి పేరు భప్కా. అందులో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. డేగ్‌లోంచి వచ్చే ఆవిరి భప్కాలో చల్లబడి నీరవుతుంది, పువ్వు వాసనను గంధం నూనె పట్టేసుకుంటుంది. నూనె పైకి తేలాక అడుగు నీటిని తీసి మళ్లీ డేగ్‌లోనే పోస్తారు. మర్నాడు కొత్త పూలు, అదే నూనె. అనుకున్నంత ఘాటు వచ్చేదాకా రోజుల తరబడి ఇలా సాగుతుంది.

అక్కడ ఎంత వెతికినా నాకు థర్మామీటర్ కనిపించలేదు. కట్టెలు, పిడకల మంటను చూసుకునే పెద్దాయన తొట్టిలో చెయ్యి పెట్టి భప్కాను తడుముతాడు, డేగ్ దగ్గర చెవి పెడతాడు, ఒక కట్టె వెనక్కి లాగుతాడు. భప్కా నిండిందని తోచగానే డేగ్ మీద తడిగుడ్డ తిప్పి ఆవిరి తగ్గించి, బుడ్డి మారుస్తాడు. మంట ఎక్కువైతే పువ్వు మాడుతుంది, ఆ మాడు వాసన నూనెలోంచి ఇక పోదు. వేడి, పొగ, తడి నేల: చిన్నపిల్లల్ని తీసుకెళ్లే చోటు కాదు. చెప్పులకు బదులు బూట్లు వేసుకోండి.

గంధం నూనె లేకుండా ఒట్టి పూలతో తీసేది రూహ్. కిలో గులాబీ రూహ్ రావాలంటే సుమారు మూడు నాలుగు టన్నుల పూలు కావాలి, ధర లక్షల్లో ఉంటుంది. దుకాణంలో పుల్ల కొసన అద్ది చూపించినప్పుడు ఆ చుక్క విలువ ఎంతో గుర్తుంచుకుని వాసన చూడండి. గులాబీ అత్తరు నూర్జహాన్ కనిపెట్టిందని ప్రతి దుకాణంలోనూ చెబుతారు. జహంగీర్ తన స్వీయచరిత్రలో ఆ ఘనత ఇచ్చింది నూర్జహాన్‌కి కాదు, ఆమె తల్లి అస్మత్ బేగంకి. ఈ మాట నేను పైకి అనలేదు, టీ మర్యాద ఉంటుంది కదా.

మట్టి అత్తరు గురించి అందరూ రాసిందే. ఎండిన నేల మట్టిని బిళ్లలు చేసి, కాల్చి, నీళ్లతో డేగ్‌లో వేసి ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు. తొలకరి వాసన నిజంగానే వస్తుంది. నాకు అంతకంటే బాగా నచ్చింది శమామా. దీంట్లో పువ్వు తక్కువ, మసాలా ఎక్కువ. జాజికాయ, జాపత్రి, లవంగం, యాలకులు, తుంగముస్తలు, జటామాంసి, ఇంకా ఎన్నో. ఏది ఎంత, ఏది ముందు అన్నది ఏ ఇంటి గుట్టు ఆ ఇంటిదే. పళ్లెంలో పెట్టి చూపించిన దినుసుల్లోంచి నల్లటి తొక్కు ఒకటి తీసి వదిన, "ఇది రాతిపువ్వు కదూ, మన బిర్యానీలో వేసేదే!" అంది. దుకాణదారు నవ్వి, కుంకుమపువ్వు కూడా పడుతుందని చెప్పాడు. శమామా చలికాలం సరుకు, వేసవిలో రాసుకుంటే తల బరువెక్కుతుంది.

పూజకో, శాకాహార నియమంతోనో కొనేవాళ్లు ఇక్కడ ఒక మాట అడగాలి. కొన్ని శమామాల్లో నఖ్ అనే సముద్రపు గవ్వ దినుసు పడుతుంది. పాత పద్ధతిలో అత్తరును తోలు కుప్పెల్లో నిలవ చేస్తారు, మిగిలిన తడి తోలు గుండా ఇంకిపోతుందని. ఇవి వద్దంటే గులాబీ, మల్లె, వట్టివేరు, మట్టి లాంటివి గాజు సీసాలో నిలవ చేసినవే అడిగి తీసుకోండి.

ఇక కొనుగోలు. మంచి గంధం నూనె కిలో లక్ష రూపాయల పైమాటే. అంటే పది గ్రాములకు ఆధారంగా పోసే నూనెకే వెయ్యి దాటుతుంది, పూలు, కట్టెలు, కూలి ఇంకా లెక్కలోకి రాలేదు. మరి బజార్లో పది గ్రాముల సీసా రెండు మూడు వందలకు ఎలా వస్తోంది? గంధం నూనెకు బదులు లిక్విడ్ పారాఫిన్ లాంటి చవక ఖనిజ నూనెలు వాడుతున్నారు కాబట్టి. అది దొంగతనమేం కాదు, చెప్పి అమ్మితే. మేం వెళ్లిన ఒక పాత దుకాణంలో అడగకముందే రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూపించారు. ఇంకోచోట ఇదే ప్రశ్న వేస్తే, "అంతా అసలే మేడం" అని టాపిక్ మార్చేశారు, మేమూ లేచి వచ్చేశాం. మణికట్టు మీద రాసుకుని భోజనం చేసి వచ్చాక మళ్లీ వాసన చూడటం మంచి పరీక్ష. అయిదో సీసా దాటితే ముక్కుకేం తెలియదు, బయటికెళ్లి కాసేపు గాలి పీల్చుకోవాలి. కన్నౌజ్ అత్తర్లకు పెద్ద గిరాకీ మన మణికట్టుల నుంచి కాదు, జర్దా, పాన్ మసాలా కంపెనీల నుంచి. ఇది తెలిశాక గులాబీల మీద నా మోజు కాస్త తగ్గిన మాట నిజం.

గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద మకరంద్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సుగంధ, రుచి అభివృద్ధి కేంద్రం ఉంది, 1991లో పెట్టారు. నూనెల్ని పరీక్షిస్తారు, చిన్న చిన్న శిక్షణ కోర్సులు నడుపుతారు. సబ్బులో, అగరుబత్తులో చేసి అమ్మాలనుకునేవాళ్లు ముందుగా రాసి, సమయం అడిగి వెళ్తే పనికొస్తుంది. మాలాంటి చూపరులకు అంత అవసరం లేదు. హర్షుడి రాజధాని కదా అని శిథిలాలు, కోటలు ఊహించుకోకండి. మ్యూజియం, గౌరీశంకర్ గుడి ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. గట్టా అనే మిఠాయి మాత్రం కొనుక్కోండి.

గంజాం సంగతి వేరు. ఉత్తరాంధ్రవాళ్లకు ఇది పక్కింటి ప్రయాణం. హౌరా మెయిన్ లైన్‌లో బరంపురంలో దిగితే తెలుగుతోనే సగం పనులైపోతాయి. మొగలి పొదలు ఛత్రపురం చుట్టుపక్కల ఊళ్లలో, ఇసుక నేలల్లో, పొలాల గట్ల మీద ఉంటాయి. ఆటోవాళ్లకు అత్తరు బట్టీ అంటే అర్థం కాలేదు, "కియా ఫుల" అనగానే దారి చెప్పారు. పొదల్లో పాములుంటాయని వదిన రోడ్డు దిగనంది. కోసేవాళ్లు పొడవాటి కర్రలతో ముళ్లాకుల మధ్య నుంచి పువ్వు లాగుతుంటే దూరం నుంచే చూశాం. శివపూజకు పనికిరాదని మనం పక్కనపెట్టిన పువ్వు అక్కడ ఊళ్లకు ఊళ్లనే పోషిస్తోంది. పూలను తూకంతో కాదు, లెక్కపెట్టి కొంటారు. కోసిన కొద్ది గంటల్లోనే డేగ్ ఎక్కించాలి, లేకపోతే వాసన ఎగిరిపోతుంది. అందుకే బట్టీలు పొదల దగ్గరే వెలిశాయి. వాటిలో చాలావాటిని పెట్టింది కన్నౌజ్ వ్యాపారులే. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అప్పుడు పోయిన పొదల గురించి ఇప్పటికీ బాధగా చెబుతారు.

ఇక్కడ బసకు బరంపురం కంటే గోపాల్‌పూర్ మేలు. సుమారు 16 కిలోమీటర్ల దూరం, సముద్రం ఎదురుగా గదులు దొరుకుతాయి. వానాకాలంలో రద్దీ తక్కువ. కాకపోతే కరెంటు పోతుంటుంది, చేపల కూర మాత్రం బాగుంటుంది. బట్టీల్లో మర్యాద కన్నౌజ్‌లో ఉన్నంత ఉండదు. పని హడావుడిలో ఉంటారు, కుర్చీ వేసి టీ ఇచ్చేవాళ్లు లేరు. చూసుకుని పక్కకు తప్పుకోవాలి. మొగలి నీళ్ల సీసా మాత్రం చవగ్గా వచ్చింది. సేమియా పాయసంలో చుక్కలతో సరిపెట్టండి, చెంచా పోస్తే తినలేం.

రెండింటిలో ఒకటే వీలవుతుందంటే, విశాఖ, శ్రీకాకుళం వాళ్లు గంజాం, మిగతావాళ్లు కన్నౌజ్. ఉత్తినే ఓ సీసా కొనుక్కోవడానికైతే రెండూ అక్కర్లేదు. చార్మినార్ పక్క సందుల్లోని అత్తరు దుకాణాల్లో కన్నౌజ్ సరుకు దొరుకుతుంది. రంజాన్ రద్దీలో కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. ముందు ఊద్ (అగరు చెక్క అత్తరు) సీసాలు చూపిస్తారు, గల్ఫ్ ఫ్యాషన్ కదా. అవి పక్కకు జరిపి, గంధం నూనెతో చేసిన గులాబీ ఉందా, దాని ధర ఎంత, పారాఫిన్‌తో చేసింది ఎంత అని రెండూ కలిపి అడగండి. ఒకటే ధర చెబితే ఇంకో దుకాణానికి నడవండి, ఆ సందుల్లో దుకాణాలకు కొదవ లేదు.