గోళ్ల కట్టర్ మంచిదే, దాని సేఫ్టీ గార్డ్‌ని మాత్రం నమ్మకండి

మా చుక్కి దేశవాళీ కుక్క. కుడి ముందుకాలు తెలుపు, మిగతా మూడూ నలుపు. తెల్లకాలి గోళ్లు లేత రంగు కాబట్టి లోపల రక్తం ఉండే గులాబీ రంగు పచ్చి భాగం ఎక్కడిదాకా ఉందో వెలుతురులో తెలిసిపోతుంది. నల్లకాళ్ల గోళ్లు బొగ్గుముక్కల్లా ఉంటాయి, ఏమీ కనపడదు.

రెండేళ్లుగా వాడుతున్నది పట్టకారులా ఉండే కట్టర్. బ్లేడు వెనక చిన్న రేకు ఉంటుంది, అదే సేఫ్టీ గార్డ్. గోరు ఆ రేకుకి తగిలేదాకా పెట్టి నొక్కితే అంతకంటే ఎక్కువ తెగదని పెట్టె మీద రాశారు. మొదట్లో గోళ్లు బాగా పెరిగి ఉన్నాయి, కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. శ్రీకాకుళంలో ఉన్న మా వదినకి కూడా ఇదే కొనమని చెప్పాను.

2024 అక్టోబరు, మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందు రోజు. ఆ రోజు జరిగే తొలేళ్ల ఉత్సవానికి ఇంటి నిండా చుట్టాలు, పిల్లలకి గీసుకుంటుందేమోనని సాయంత్రం చుక్కిని కూర్చోబెట్టాను. ఎడమ ముందుకాలు, రెండో వేలు. రేకుకి గోరు ఆనించి నొక్కాను. చుక్కి ఒక్క అరుపు అరిచి కాలు లాక్కుంది. గచ్చు మీద వరసగా రక్తపు చుక్కలు. నాకు చేతులు ఆడలేదు. మా అత్తయ్య పరిగెత్తుకొచ్చి, "ఏటమ్మా ఇది, మూగజీవి కదా!" అని పసుపు అద్దారు. అది కాలు విదిలించేసరికి పసుపంతా రాలిపోయింది. చివరికి మా ఆయన దాన్ని ఒళ్లో పట్టుకుంటే, కార్న్‌ఫ్లోర్ అద్దిన దూదిని గోటికి నొక్కిపెట్టి 5 నిమిషాలు వదల్లేదు. అప్పుడు ఆగింది.

తర్వాత పశువుల డాక్టరుగారు చెబితే గాని నాకు అర్థం కాలేదు. ఆ రేకు కొలిచేది కొస నుంచి ఎంత తెగాలో అంతే. పచ్చి భాగం ఎక్కడుందో దానికి తెలియదు. రోజూ అయోధ్యా మైదానం దాకా సిమెంటు రోడ్డు మీద నడిపిస్తున్నాం కదా, గోళ్లు ముందే అరిగి ఉన్నాయి. అలాంటి గోటికి ఆ కొలత చాలా ఎక్కువ. పైగా తెగిన చోటు చూద్దామంటే రేకే అడ్డం.

ఇప్పుడు రేకు పక్కకి తిప్పేసి, నల్లగోళ్లని బియ్యపుగింజ మందాన కొంచెం కొంచెంగా కోస్తాను. ప్రతి కోతకీ తెగిన ముఖం చూస్తాను. మొదట ఎండిన సున్నంలా పొడిగా ఉంటుంది. మధ్యలో ముదురు చుక్క కనపడగానే ఆపేస్తాను. నేలకి తగలని పైగోరు అరగదు, వదిలేస్తే వంకర తిరిగి చర్మంలో గుచ్చుకుంటుంది. అందుకని దాన్ని ఎప్పుడూ మర్చిపోను.

చుక్కి భయం పోవడానికే చాలా రోజులు పట్టింది. కట్టర్ చప్పుడు వింటే మంచం కిందకి దూరేది. దాని పక్కన కూర్చుని కట్టర్‌తో చీపురుపుల్లలు కోస్తూ, కోసినప్పుడల్లా ఉడికిన గుడ్డు ముక్క పెట్టేదాన్ని. తర్వాత రోజుకి ఒక్క గోరు. ఇప్పటికీ ఒకేసారి నాలుగు కంటే ఎక్కువ ముట్టుకోను.

బ్లేడు మాత్రం ఇంకా పదునుగానే ఉంది, గోరు చీలకుండా తెగుతుంది. ఆ మాట వెనక్కి తీసుకోను. లేత రంగు గోళ్లు, కదలకుండా కూర్చునే కుక్క అయితే కొనుక్కోవచ్చు. మా ఇంట్లో పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉన్నారు కాబట్టి సాగుతోంది. ఒక్కరే ఉంటే, నల్లగోళ్లయితే, మొదటిసారి డాక్టరు దగ్గర కోయిస్తూ చూసి నేర్చుకోండి.

వదినకి ఆ రాత్రే ఫోన్ చేసి కట్టర్ ముట్టుకోవద్దన్నాను. అప్పటికి వాళ్ల కుక్కకి ఒక కాలు అయిపోయింది, దేవుడి దయ వల్ల దెబ్బేమీ తగల్లేదు.