గోల్డ్ ప్లమ్ నల్ల వెనిగర్: టేకౌట్ డంప్లింగ్ సాస్ రుచి అంతా ఇందులోనే ఉంది

పాట్‌స్టికర్స్ (మోమోల్లా ఉండి, అడుగు కరకరలాడేలా వేయించే చైనీస్ డంప్లింగ్స్) ఆర్డర్ చేస్తే పక్కన చిన్న ప్లాస్టిక్ కప్పులో ఇచ్చే నల్ల సాస్ ఇంట్లో చేస్తే ఎందుకు ఆ రుచి రావట్లేదు అని అడిగే వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే, సోయా సాస్ బ్రాండ్లు మారుస్తూ కూర్చోకండి, వెనిగర్ మార్చండి. నేను వాడేది గోల్డ్ ప్లమ్ వాళ్ల చింకియాంగ్ వెనిగర్, పసుపు లేబుల్ సీసా. ఇక్కడ న్యూజెర్సీలో చైనీస్ సరుకులు అమ్మే ఏ పెద్ద స్టోర్‌లోనైనా దొరుకుతుంది, 99 రాంచ్, హెచ్ మార్ట్ లాంటి చోట్ల వెనిగర్ల అరలో చూడండి. ఐదారు డాలర్లు పెడితే నెలల తరబడి వస్తుంది.

ఇది యాంగ్జీ నది పక్కన, జియాంగ్‌సు రాష్ట్రంలో ఉన్న జెన్‌జియాంగ్ ఊరి సరుకు. చింకియాంగ్ అన్నది ఆ ఊరి పేరుకే పాత స్పెల్లింగు, లేబుల్ మీద ఏది ఉన్నా తీసుకోవచ్చు. జిగురు బియ్యం ఉడికించి, పులియబెట్టి, ముందు కల్లులా చేసుకుని, తర్వాత అందులో గోధుమ తవుడు, వరి ఊక కలిపి రోజూ తిరగేస్తూ మళ్లీ పులియనిస్తారు, ఆ పైన చాలా కాలం ఊరబెడతారు. మాడేదాకా వేయించిన బియ్యంతో ఆ నల్ల రంగు వస్తుంది. ఈ తయారీ పద్ధతిని చైనా ప్రభుత్వం 2006లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది, అంత ఇష్టంగా చూసుకుంటారు వాళ్లు. ఇంత పని జరిగింది కాబట్టే మూత తీయగానే ముక్కులో గుచ్చే ఘాటు ఉండదు, కాస్త తీపి, కాస్త పొగ వాసన, కాస్త పులిసిన బియ్యం వాసన, అన్నీ కలిసి వస్తాయి.

మన కిరాణా కొట్లలో దొరికే తెల్ల వెనిగర్ సీసా మీద చాలావాటికి సింథటిక్ అని రాసి ఉంటుంది, అంటే ఎసిటిక్ యాసిడ్‌లో నీళ్లు కలిపింది. నూడుల్స్ బండి దగ్గర పచ్చిమిర్చి ముక్కలు నానబెట్టడానికి అది బాగుంటుంది, నాకూ ఇష్టమే. ఈ సాస్‌లో మాత్రం అది పులుపు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటుంది.

ఇక కొలతలు. మూడు టేబుల్ స్పూన్ల లైట్ సోయా సాస్, రెండు టేబుల్ స్పూన్ల నల్ల వెనిగర్, ఒక టేబుల్ స్పూన్ గోరువెచ్చని నీళ్లు, ఒక టీ స్పూన్ పంచదార. ముందు పంచదార నీళ్లలో కరిగించండి, లేకపోతే అది అడుగున చేరి, మొదట ముంచినవాళ్లకి ఉప్పు, ఆఖర్న ముంచినవాళ్లకి తీపి తగులుతుంది. నీళ్లెందుకు అని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి, మామూలు సోయా సాస్‌లో టేబుల్ స్పూన్‌కి 900 మిల్లీగ్రాముల పైనే సోడియం ఉంటుంది, నీళ్లు కలపకపోతే రెండో డంప్లింగ్‌కే నోరు ఉప్పెక్కిపోతుంది. డార్క్ సోయా సాస్ వద్దు, అది వంటలో రంగు కోసం. టేకౌట్‌తో వచ్చే సోయా ప్యాకెట్లు దాచిపెట్టి వాడదాం అనుకుంటే, వెనకాల సరుకుల పట్టీ ఒకసారి చదవండి, చాలావాటిలో పులియబెట్టిన సోయా ఉండదు, ఉప్పునీళ్లు, ప్రోటీన్ సారం, కారమెల్ రంగు ఉంటాయి. పులియబెట్టింది కావాలంటే కిక్కోమన్ లాంటిది ఏదైనా చాలు.

ఆఖర్న ఒక టీ స్పూన్ నువ్వుల నూనె, అయితే ఆవకాయలో పోసే మన నువ్వుల నూనె కాదు. మనది వేయించని నువ్వులది, ఇక్కడ కావలసింది బాగా వేయించిన నువ్వులతో తీసిన ముదురు గోధుమ రంగు నూనె. నువ్వులుండలు చేసే రోజు ఇంట్లో వచ్చే వాసన ఉంటుంది దానికి. ఒక్క స్పూను దాటించకండి, దాటితే వెనిగర్ వాసన మొత్తం కప్పేస్తుంది.

అల్లం విషయంలో నాకు పట్టుదల ఉంది. పేస్ట్ వేయొద్దు, పేస్ట్ వేస్తే సాస్ మసకబారి చట్నీలా అయిపోతుంది. లేత అల్లాన్ని అగ్గిపుల్ల కంటే సన్నగా, దారాల్లా తరిగి సాస్‌లో వేసి పది నిమిషాలు వదిలేయండి. ఆ దారాలు వెనిగర్‌ని పీల్చుకుని మెత్తబడతాయి, డంప్లింగ్‌ని ముంచి తీసినప్పుడు ఒకటో రెండో దాని కరకరలాడే అడుగుకి అంటుకుని వస్తాయి. నాకు ఆ ముద్ద కోసమే ఈ సాస్ చేయాలనిపిస్తుంది. వెల్లుల్లి ఒక రెబ్బ చాలు. కారం కావాలంటే లావో గాన్ మా చిల్లీ క్రిస్ప్ (నూనెలో వేయించిన మిరపకాయలతో చేసే చైనీస్ కారం) ఒక స్పూను.

చింతపండు పులుసు వేస్తే సరిపోదా అని మావాళ్లు అడుగుతుంటారు. రుచిగానే ఉంటుంది, కానీ ఈ సాస్ కాదు, చిక్కబడి ఇంకేదో అయిపోతుంది. నల్ల వెనిగర్ దొరకని ఊళ్లో ఉంటే రైస్ వెనిగర్‌లో సగానికి సగం బాల్సమిక్ (ద్రాక్షరసంతో చేసే ఇటాలియన్ వెనిగర్) కలిపి పంచదార మానేయండి, దగ్గరగా వస్తుంది.

చైనీస్ టేకౌట్‌లో ఎగ్ రోల్స్‌తో ఇచ్చే నారింజ రంగు తియ్య సాస్‌కి మాత్రం ఈ సీసా పనికిరాదు, దానికి ఆప్రికాట్ జామ్, తెల్ల వెనిగర్ ఉంటే అయిపోతుంది.

శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు, ఆల్చిప్పల సారంతో చేసే ఆయిస్టర్ సాస్ లాంటివేవీ లేవు. గోధుమ పడనివాళ్లు మాత్రం దూరంగా ఉండాలి, వెనిగర్‌లో గోధుమ తవుడు ఉంది, మామూలు సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. సీసా అడుగున కొంచెం మడ్డి కనిపిస్తే పాడైందనుకుని పారేయకండి, అది మామూలే, కుదిపి వాడుకోండి. కలిపిన సాస్‌ని ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచొచ్చు, అల్లం వెల్లుల్లి మాత్రం తినడానికి పది నిమిషాల ముందు వేసుకోండి.