జెమ్మా కప్పుల కోసమే పెంచుతున్నా: హైదరాబాద్ ఎండల్లో మార్కాంషియా

మార్కాంషియా అంటే తడి నేల మీద పాచిలా పరుచుకునే చిన్న మొక్క, లివర్‌వర్ట్ జాతి. అందులో నాకు నచ్చింది ఒక్కటే చెప్పమంటే, జెమ్మా కప్పులు. బైపీసీ చదివిన వాళ్ళందరూ రికార్డులో దీని బొమ్మ గీసే ఉంటారు కాబట్టి వేళ్ళుండవు, పూలుండవు అనే పాఠం మళ్ళీ చెప్పను. ఆ బొమ్మలో గీత లాగి పేరు రాసి వదిలేసిన ఆ భాగం, ఇంట్లో మన కళ్ళముందు పనిచేస్తుంటే చూడటం మాత్రం వేరే సంగతి.

థాలస్ మీద, అంటే ఆకులా పరుచుకున్న దాని ఒంటి మీద, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున ఒక కప్పు లేస్తుంది. అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. లోపల జెమ్మాలు అనే పచ్చటి బిళ్ళలు కిక్కిరిసి ఉంటాయి, ఒక్కొక్కటీ మిల్లీమీటరు కూడా ఉండదు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి బిళ్ళకీ రెండు పక్కలా చిన్న నొక్కు కనిపిస్తుంది. బిళ్ళ కొత్త మొక్కగా పెరగడం మొదలయ్యేది ఆ నొక్కుల దగ్గరే. కప్పులో ఉన్నంతకాలం అవి అలాగే నిద్రపోతాయి. ఇంకు ఫిల్లరుతో జానెడు ఎత్తు నుంచి ఒక్క చుక్క సరిగ్గా కప్పులో పడేలా వదిలితే, నీళ్ళతో పాటు నాలుగైదు బిళ్ళలు ఎగిరి బయట పడతాయి. అడవిలో వాన చేసే పని అదే. అప్పటిదాకా ఆ బిళ్ళకి పైవైపేదో కిందివైపేదో ఖరారు కాదు. తడి మట్టి మీద పడ్డాక వెలుతురు తగిలే వైపు పైభాగం అవుతుంది, అవతలి వైపు నుంచి వేళ్ళలా పట్టు ఇచ్చే సన్నటి మూలతంతువులు మట్టిలోకి దిగుతాయి. వారం తిరక్కముందే భూతద్దంలో ఈ తేడా తెలిసిపోతుంది. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి చూపించాను, ఇప్పటికీ సెలవు రోజుల్లో ఫిల్లరు తీసుకుని కూర్చుంటుంది.

మా ఇంటికి ఇది ఊటీ నుంచి వచ్చింది. అక్కడి నర్సరీలో కొన్న ఫెర్న్ కుండీలో మట్టి మీద అతుక్కుని ఉంది. ఫెర్న్ కోసం కొన్నాను కానీ కొన్నాళ్ళకే నా ధ్యాసంతా దీని మీదకి మళ్ళింది. మొదటి చలికాలం ఎంత బాగా పెరిగిందంటే, తెలిసిన వాళ్ళందరికీ ఇంతకంటే తేలికైన మొక్క లేదని చెప్పాను. ఎరువు అక్కర్లేదు, లోతైన కుండీ అక్కర్లేదు, ఎండ అసలే అక్కర్లేదు. మూత ఉన్న బిర్యానీ పార్సిల్ డబ్బాలో కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) పరిచి చిన్న ముక్క పెడితే చాలు, సంక్రాంతి నాటికి డబ్బా నిండిపోయింది. అప్పుడు చెప్పినవి అబద్ధాలు కావు, కాకపోతే అవన్నీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వర్తించే మాటలు.

మార్చి దాటాక మా ఊళ్ళో ఇది వేరే మొక్క అయిపోతుంది. వేడి ముప్ఫై డిగ్రీలు దాటిన కొద్దీ పెరుగుదల మందగిస్తుంది, అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. దానికి తోడు నీళ్ళ సమస్య. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్ళు, వేసవిలో అవీ తగ్గి ట్యాంకరు వస్తుంది. ఆ నీళ్ళు పోస్తే థాలస్ మీద తెల్లటి పొర కడుతుంది. దీనికి వేళ్ళు వడపోసి పంపే ఏర్పాటేమీ లేదు, ఒంటితోనే నీళ్ళు పీలుస్తుంది, అందుకే ఉప్పు నీళ్ళ దెబ్బ నేరుగా తగులుతుంది. వర్షాకాలంలో పట్టిన వాన నీళ్ళు ఇరవై లీటర్ల క్యాన్లలో దాచుకుని వేసవి నెట్టుకొచ్చేదాన్ని. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి మూత తీసి చూసుకోవాలి. మూత గట్టిగా పెడితే లోపల ఉడికిపోతుంది, తీసేస్తే ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది తేలికైన మొక్క అని ఎవరైనా నాతో అంటే ఒప్పుకోను.

అసలు కథ కిందటి మే నెలలో జరిగింది. రాజమండ్రిలో మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, ఇంటికి తాళం వేసి పిల్లల్ని తీసుకుని అందరం అక్కడికి వెళ్ళిపోయాం. అనుకున్నదానికంటే చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. అమ్మ దగ్గర ఉండటం తప్ప ఇంకేమీ ఆలోచించే పరిస్థితి కాదు. తిరిగొచ్చి యుటిలిటీ బాల్కనీ తలుపు తీస్తే డబ్బాలన్నిట్లో ఎండిన కాగితంలా ఉన్న థాలస్ మిగిలింది. వేలితో తాకితే పొడి అవుతోంది. వాన నీళ్ళు పోసి రోజూ చూశాను, చాలా రోజులు ఆశ వదులుకోలేదు. ఒక్క చోట కూడా పచ్చదనం రాలేదు. ఫెర్న్ ఆకులు రాలినా దుంప బతికి చిగురేసింది, ఇది మాత్రం పూర్తిగా పోయింది. ఊటీ మళ్ళీ ఎప్పుడు వెళ్తామో తెలియదు. నిజంగా ఏడుపొచ్చింది.

జూన్ మొదటి వానలు పడ్డాక ఒకరోజు పొద్దున్నే కింది ఫ్లాట్ ఆంటీ ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మీ బాల్కనీ కింద మా సజ్జ మీద పాచి పట్టింది. నువ్వు డబ్బాల్లో పెంచేదానిలాగే ఉంది. పనమ్మాయిని బ్లీచింగ్ వేసి కడగమంటున్నా, నీకు చెప్దామని చేశా."

"ఆంటీ, ఒక్క నిమిషం, కడగనివ్వకండి. నేను వస్తున్నా."

చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. ఆంటీ వాళ్ళ ఏసీ గొట్టం నీళ్ళు ఆ సజ్జ మీదే పడతాయి. ఎప్పుడో ప్లంబరు పని చేసినప్పుడు వదిలేసిన ఎర్ర ఇటుక ముక్కలు అక్కడ ఉన్నాయి. ఆ ఇటుకల మీద, ఏసీ చుక్క పడే చోటు చుట్టూ, అరచేతి వెడల్పున మార్కాంషియా. చుక్క పడే మధ్యలో ముదురు ఆకుపచ్చగా, చుట్టూ అంచులు కాస్త మాడి. దాని మీద జెమ్మా కప్పులు నిండుగా ఉన్నాయి. అంతకుముందు ఏడాది వానలకి నా డబ్బాల్లోంచి చిమ్మిన బిళ్ళలు గ్రిల్ సందుల్లోంచి కిందికి పడి ఉంటాయి. వర్షాకాలం, చలికాలం అక్కడే నిలదొక్కుకున్నాయి. నా ఇంటికి తాళం పడిన మే నెలంతా ఆంటీ వాళ్ళ ఏసీ వాటిని బతికించింది.

ఇక్కడ ఏసీ నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. అవి గాల్లో తేమ చల్లబడి కారే నీళ్ళు, బోరు నీళ్ళలో ఉండే ఉప్పులు వాటిలో ఉండవు. చల్లగా ఉంటాయి, ఆగకుండా చుక్కచుక్కగా పడతాయి. ఇటుక ఆ నీళ్ళని పీల్చుకుని పగలంతా తడిగా ఉంటుంది. డక్టు వైపు కాబట్టి ఎండ పడదు. మండే ఎండల్లో ఈ మొక్కకి కావాల్సినవన్నీ అక్కడ కుదిరాయి. అప్పటి నుంచి నేను డబ్బాలు, కోకోపీట్ దాదాపు మానేశాను. నీళ్ళు నిలిచే పళ్ళెంలో ఇటుక ముక్క సగం మునిగేలా పెట్టి దాని మీద పెంచుతున్నాను, వేసవిలో మా ఏసీ కిందే బకెట్ పెట్టి నీళ్ళు పడుతున్నాను. మట్టి లేదు కాబట్టి తడి కోకోపీట్‌కి ముసిరే సన్న నల్ల ఈగలు కూడా పోయాయి. ఒక ఇటుకని ఆంటీ వాళ్ళ సజ్జ మీదే ఉంచాను, ఆవిడ ఒప్పుకున్నారు. "జారకుండా ఓ మూలకి పెట్టుకో అమ్మా" అన్నారు, అంతే.

గొడుగుల కోసం, అంటే ఆడ, మగ భాగాలను మోస్తూ కాడ మీద లేచే గొడుగు ఆకారాల కోసం, దీన్ని పెంచాలనుకునే వాళ్ళకి మాత్రం ఒక మాట. ఎల్ఈడీ దీపం కింద పెట్టినవి నాకు ఎన్నడూ గొడుగు వేయలేదు. వంటింటి కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఉన్నవి వేశాయి. ప్రయోగశాలల్లో పగటి వేళలు పెంచి, మామూలు తెల్ల ఎల్ఈడీల్లో దాదాపు ఉండని ఫార్‌రెడ్ కాంతి (ఎరుపుకి అవతలి అంచున, కంటికి సరిగా కనిపించని వెలుతురు) జోడించి గొడుగులు తెప్పిస్తారు. నాకు వచ్చినవన్నీ చేతివేళ్ళలాంటి కాడలు వేలాడే ఆడ గొడుగులే. మార్కాంషియాలో ఆడ, మగ వేర్వేరు మొక్కలు, జెమ్మా నుంచి వచ్చేది అచ్చం తల్లి మొక్కే. 2017లో దీని జన్యుక్రమం ప్రచురించాక పరిశోధకులు దీన్ని మరింతగా వాడుతున్నారు, ఒకే మొక్క నుంచి ఎన్నైనా ఒకేలాంటివి తీసుకోగలగడం వాళ్ళకి పెద్ద సౌకర్యం. నాలాంటి వాళ్ళకి మాత్రం అదే లోటు. మగ మొక్క ఎక్కడి నుంచైనా తెచ్చుకుంటే తప్ప మా ఇంట్లో స్పోర్లు (సిద్ధబీజాలు) రావు.

జెమ్మా కప్పులని అంత మెచ్చుకున్నాను కానీ, పక్కన వేరే కుండీలు ఉంటే ఆ గుణమే చిక్కు. ఫెర్న్ కుండీ పైమట్టి మొత్తం ఇది కప్పేసి, పోసిన నీళ్ళు లోపలికి దిగకుండా చేసింది. నర్సరీల్లో దీన్ని కలుపు కింద ఎందుకు పీకేస్తారో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఫెర్న్‌ని వేరే గదిలో పెట్టాను. ఇంకొకటి, మిద్దె మీద కూరగాయలకి కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టే వాళ్ళు ఆ తుంపర దీని మీద పడకుండా చూసుకోండి. రాగి దీనికి పడదు.

ఎవరికి చెప్పొచ్చు అంటే, ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఉండి, వేసవిలో ఏసీ నడిచే ఇల్లైతే నిస్సందేహంగా పెంచమంటాను. బెంగళూరులో ఉండే మా చెల్లెలు నేనిచ్చిన ముక్కని ఇన్ని జాగ్రత్తలు లేకుండానే పెంచుతోంది, కాబట్టి నా కష్టాల్లో సగం మా ఊరి ఎండవే కావచ్చు. వేసవి సెలవులకి ఇల్లు తాళం వేసి వెళ్ళే వాళ్ళకి ఇవ్వడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో చేపల తొట్టె ఉంటే రిక్సియాతో మొదలుపెట్టడం మేలు. అదీ లివర్‌వర్టే, నీళ్ళ మీద తేలుతూ బతుకుతుంది, ఎండిపోతుందనే టెన్షన్ ఉండదు. జపాన్‌లో చేపల తొట్టెల అలంకరణకి పేరుపొందిన టకాషి అమానో దాన్ని సన్నటి దారంతో రాళ్ళకి కట్టి తొట్టె అడుగున పచ్చికలా పరిచాడు, వెలుతురు బాగా పడితే దాని నిండా ఆక్సిజన్ బుడగలు మెరుస్తాయి. కానీ జెమ్మా కప్పులు దానికి ఉండవు, నాకు కావాల్సింది అవే. ముక్క కావాలన్న వాళ్ళకి జూలైలో, ఇటుకతో సహా ఇస్తున్నాను. వేసవిలో ఎవరడిగినా వానలు పడేదాకా ఆగమంటున్నాను.